పాలకొల్లు మాండొలిన్ – దూరదేశపు గిటారు

గ్రంథాలయంలో ఏ పుస్తకం ముందు చదవవలెనో చెప్పుటకు గురువులున్నారు, పాఠ్యప్రణాళికలున్నవి. సంగీతం విషయంలో విద్యార్థికి అట్టి మార్గదర్శకత్వం అరుదు. నేడు ప్రతి విద్యార్థి జేబులోని ఫోనులో ప్రపంచ సంగీతమంతా ఇమిడియున్నది. అయితే భాండాగారం తలుపులు తెరచియున్నంత మాత్రాన అందులో దేనిని ముందుగా చేతికి తీసుకొనవలెనో తెలియదు. చెవిన పడినదే వినుట, విన్నదానిని సగంలో విడుచుట మనకు అలవాటైపోయినది. ఈ కొరతను కొంతవరకైనా తీర్చుకొనదలచి మేము కొందరం విద్యార్థులం ఒకే కళాకారుని రికార్డులను తీసుకొని, మొదటినుండి చివరివరకు విని, వాటినిగూర్చి చర్చించుకొన్నాము. ఆ కళాకారుడు జాన్ మెక్‌లాఫ్లిన్ అను ఆంగ్లేయ జాజ్ గిటారు విద్వాంసుడు. ఆయన రికార్డులలో ఏవి వినదగినవో, ఏ వరుసలో వినదగినవో మా అనుభవం మేరకు సోదర విద్యార్థులకు, కళాశాల కమిటీ పెద్దలకు నివేదించుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

ఏలూరుకు, తాడేపల్లిగూడేనికి, కొల్లేటి లంకలకు ఒక ఆంగ్లేయుని గిటారుతో సంబంధమేమని పాఠకులు ప్రశ్నించవచ్చును. సంబంధమున్నది. ఆ గిటారు ప్రక్కన కూర్చుండి సంవత్సరాల తరబడి ప్రపంచమంతటా వాయించిన మాండొలిన్ మన పాలకొల్లుది. ఉప్పలపు శ్రీనివాస్ గారు మన గోదావరి గడ్డమీద పుట్టిన బిడ్డ. ఆయన పేరు తెలియని ఇల్లు మన ప్రాంతంలో బహుశః లేదు. కాని ఆయన వాయించినది పూర్తిగా ఒక గంటసేపు విన్నవారెందరు అని మేము మా తరగతిలో అడిగితే లేచిన చేతులు మూడే. పేరును గౌరవించి పనిని మరచుట ఏ కళాకారునికైనా నిజమైన నివాళి కానేరదు. మాకు ఈ శ్రవణానికి ప్రేరణ కలిగినది అక్కడనే.

జాజ్ అనగానే అర్థంకాని గోల అని భయపడనక్కరలేదు. అమెరికాలోని నల్లజాతి ప్రజల కష్టసుఖాలనుండి పుట్టిన సంగీతమది. అందులో ముందుగా ఒక చిన్న వరుసను అందరూ కలసి వినిపింతురు. తరువాత ఒక్కొక్కరు ఆ వరుసను ఆధారం చేసుకొని అప్పటికప్పుడు తమ ఊహను విస్తరింతురు. చివరకు మరల అందరూ మొదటి వరుసకే వత్తురు. మన కళాశాలలోని ఉర్దూ విద్యార్థులకు ఇది తెలియని సంగతి కాదు. తరహీ ముషాయిరాలో ఒక మిస్రా ఇచ్చినప్పుడు ఆ ఛందస్సులో, ఆ అంత్యప్రాసలో ప్రతి కవియు తన గజల్ తాను అల్లును గదా! తెలుగు విద్యార్థులు అవధానంలోని సమస్యాపూరణను తలచుకొనవచ్చును. ఇచ్చినది ఒకటే, పూరించినవాని ప్రతిభ వేరువేరు. మన కచేరీలలోని స్వరకల్పన కూడ ఇట్టిదే. కావున జాజ్ వినుటకు కావలసిన చెవి మనకు మునుపే ఉన్నది. దానిని ఆ వైపునకు త్రిప్పుట మాత్రమే మిగిలినది.

మెక్‌లాఫ్లిన్ 1942 జనవరి 4న ఇంగ్లండులోని డాన్‌కాస్టర్‌లో జన్మించారు. తల్లి వయొలిన్ వాయించెడివారు. 1969లో ఆయన అమెరికా చేరి, ప్రఖ్యాత ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ రికార్డులలో గిటారు వాయించారు. 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రా అను బృందాన్ని స్థాపించి, విద్యుత్ గిటారుతో పెద్ద సభాభవనాలను నింపినారు. అట్టి కీర్తి వచ్చిన తరువాత సాధారణంగా మానవుడు నేర్చుకొనుట మానివేయును. మెక్‌లాఫ్లిన్ మానలేదు. అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో సంగీతాచార్యులైన డాక్టర్ ఎస్. రామనాథన్ గారి వద్ద శిష్యునిగా కూర్చుండి వీణ అభ్యసించారు. ఈ ఒక్క విషయం మా మనస్సులను ఎక్కువగా ఆకర్షించినది.

వీణ నేర్చినవానికి గిటారులోని లోపం వెంటనే తెలిసివచ్చును. మన జిల్లాలోని నూజివీడులో తయారగు వీణను దగ్గరగా చూచినవారు ఈ సంగతి తేలికగా గ్రహింతురు. వీణ దండిమీద మైనంలో అమర్చిన ఇరువది నాలుగు మెట్లుండును. మెట్టుకు, మెట్టుకు నడుమ ఖాళీ ఉండును. వ్రేలితో తీగను ప్రక్కకు లాగినప్పుడు స్వరం ఒకచోటినుండి మరియొకచోటికి జారుచు, ఊగుచు పోవును. అదియే గమకం. గమకం లేనిదే రాగానికి ప్రాణం లేదు. గిటారు మెట్లు పొట్టివి. వాటి నడుమ చదునైన కొయ్య. వ్రేలు కొయ్యకు తగులును గాని తీగ స్వేచ్ఛగా కదలదు. మెక్‌లాఫ్లిన్ తన కొరకు ప్రత్యేకంగా ఒక గిటారును చేయించుకొన్నారు. దాని పలకను మెట్ల నడుమ కొల్లేటి తాటిదోనె కడుపువలె లోతుగా తొలిపించారు. అంతేకాక వాయించు తీగల క్రింద ఏటవాలుగా మరి ఏడు తీగలను బిగింపజేసినారు. సితారు, సారంగీలలోని తరబ్ తీగలవలె, పైతీగ మ్రోగినప్పుడు అవి వాటంతటవే పలుకును. పరాయి సంగీతాన్ని గౌరవించుట అనగా దానిని పొగడుట కాదు. దానికొరకు తన వాద్యాన్నే మార్చుకొనుట అని ఆ గిటారు చెప్పుచున్నది.

ఇక మనవైపు కథ చూడుడు. శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో జన్మించారు. తండ్రి సత్యనారాయణ గారు క్లారినెట్ విద్వాంసులు. ఆరేళ్ళ ప్రాయంలో ఇంటిలోనున్న మాండొలిన్‌ను బాలుడు చేతికి తీసుకొన్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయనకు మాండొలిన్ వాయించుట రాదు. ఆయన పాడెడివారు, బాలుడు ఆ పాటను వాద్యంపై పలికించెడివాడు. మాండొలిన్‌కు కర్ణాటక సంగీతంలో అనుసరింపదగిన పూర్వమార్గం లేదు గనుక గురువుగారి గొంతే ఆ బాలునికి మార్గమైనది. మామూలు మాండొలిన్‌లో తీగలు జంటలుగా ఉండును. మీటిన నాదం వెంటనే ఆరిపోవును. శ్రీనివాస్ అయిదు ఒంటి తీగల విద్యుత్ మాండొలిన్‌ను ఎన్నుకొని, నాదం నిలుచునట్లు చేసికొన్నారు. నాదం నిలిచినది గనుక గమకం పలికినది.

తొమ్మిదవ ఏట, 1978లో, గుడివాడలో జరిగిన త్యాగరాజ ఆరాధనోత్సవాలలో ఆయన తొలి కచేరీ. ఏలూరునుండి కొల్లేటిని దాటి కైకలూరు మీదుగా పోయినచో వచ్చు ఊరే గుడివాడ. అనగా ప్రపంచం విన్న ఆ వాద్యం మొదట మ్రోగినది మన సరస్సుకు ఆవలి ఒడ్డున. 1981లో మద్రాసు డిసెంబరు సంగీతోత్సవాలలో, 1983లో పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవంలో ఆయన వాయించారు. బెర్లిన్ నాటికి ఆయన వయస్సు పదునాలుగు.

వినవలసిన వరుసను గూర్చి మాలో చాలా చర్చ జరిగినది. సాధారణంగా కళాకారుని తొలి రికార్డుతో ప్రారంభించి కాలక్రమంలో వినుట పద్ధతి. మేము ఆ పద్ధతిని విడిచిపెట్టి, మన వాకిటనుండి బయలుదేరి దూరదేశానికి పోవు వరుసను ఎన్నుకొన్నాము. పరాయి ఇంటికి పోవునపుడు కూడ అడుగు వేయవలసినది తన గుమ్మంనుండియే గదా!

మొదట వినవలసినది “శాటర్‌డే నైట్ ఇన్ బాంబే”. 2000 డిసెంబరులో ముంబయిలో జరిగిన కచేరీలనుండి కూర్చి 2001లో వెలువరించినది. శక్తి బృందం పునరుద్ధరింపబడి రిమెంబర్ శక్తి అను పేర వాయించుచున్న రోజులవి. మెక్‌లాఫ్లిన్ గిటారు, శ్రీనివాస్ మాండొలిన్, ఉస్తాద్ జాకీర్ హుస్సేన్ తబలా, వి. సెల్వగణేష్ కంజిర, వారికి తోడు శంకర్ మహదేవన్ గానం, పండిత శివకుమార్ శర్మ సంతూర్ మొదలైనవి. ఇందులో త్యాగరాజస్వామివారి బంగాళరాగ కృతి “గిరిరాజసుతా తనయ” ఉన్నది. మన కచేరీలలో అలవాటైన కృతి గనుక వరుస మనకు తెలిసినదే. తెలిసిన వరుసలో ఆంగ్లేయుని గిటారు ఎక్కడ ప్రవేశించునో, ఎక్కడ మౌనంగా తప్పుకొనునో గమనింపుడు. ఆయన ఆ కృతిని ఆక్రమించుటకు ప్రయత్నించలేదు. అతిథి మర్యాద ఎట్టిదో అచట వినబడును.

రెండవది “ది బిలీవర్”. 1999 నాటి కచేరీల రికార్డు, 2000లో విడుదలైనది. ఇందులో అతిథులు లేరు, నలుగురే. శ్రీనివాస్ మాండొలిన్‌కు, మెక్‌లాఫ్లిన్ గిటారుకు జరుగు ప్రశ్నోత్తరాలు వినవలెనన్న ఇంతకంటె మంచి రికార్డు లేదని మా అభిప్రాయం. ముందు పొడుగుగా వాయించుకొని, తరువాత కొలతను సగం చేయుచు, చివరకు ఒక్కొక్క స్వరంగా మార్చుకొందురు. మన కచేరీలలో తనియావర్తనంలో మృదంగం, ఘటం చేయు పని ఇదియే. మొదటిసారి విన్నప్పుడు ఎవరు ఏది వాయించిరో తెలియదు. మూడవసారికి స్పష్టంగా తెలియును: మాండొలిన్ స్వరం సన్నగా నిలిచి ఊగును, గిటారు స్వరం కొంచెం గుండ్రంగా వచ్చి ముందుకు దూకును.

మూడవది “శక్తి”. 1975 జూలై 5న న్యూయార్క్ సమీపంలోని లాంగ్ ఐలండ్‌లో ఒక కళాశాలలో జరిగిన కచేరీ, 1976లో వెలువడినది. ఎల్. శంకర్ వయొలిన్, జాకీర్ హుస్సేన్ తబలా, టి.హెచ్. వినాయకరామ్ ఘటం, రామనాడ్ రాఘవన్ మృదంగం. ఒక కళాశాల విద్యార్థుల ఎదుట పుట్టిన రికార్డు గనుక మనకు మరింత దగ్గరిది. ఇందులోని చివరి రచన నిడివి ఇంచుమించు ముప్పది నిమిషాలు. తాడేపల్లిగూడెంలో రైలు ఎక్కి దానిని మొదలుపెట్టినచో ఏలూరు రాకముందే ముగియును. “లోటస్ ఫీట్”, అనగా పాదపద్మాలు, అను చిన్న రచన ఈ రికార్డులోను, “ది బిలీవర్”లోను ఉన్నది. రెంటిని వెంటవెంటనే వినుడని మా మనవి. మొదటిదానిలో వయొలిన్, రెండవదానిలో మాండొలిన్. వరుస ఒకటే, నడుమ ఇరువది నాలుగు సంవత్సరాల జీవితం. వినాయకరామ్ గారి స్థానంలో ఆయన కుమారుడు సెల్వగణేష్ కూర్చున్నాడు. వయస్సు సంగీతానికి ఏమి చేయునో ఈ రెండు రికార్డులు గ్రంథాలకంటె బాగుగా చెప్పును.

నాలుగవది “ఎ హ్యాండ్‌ఫుల్ ఆఫ్ బ్యూటీ”, 1976 నాటిది. కచేరీ కాక స్టూడియోలో నెమ్మదిగా చేసినది గనుక ప్రతి తీగ విడివిడిగా వినబడును. ఇందులో “కృతి” అను పేరుగల చిన్న రచన కూడ ఉన్నది. అప్పుడే సంగీతం నేర్చుకొనుచున్నవారికి ఇది ఉపయుక్తం.

ఈ నాలుగు విన్న పిమ్మట మాత్రమే దూరప్రయాణం. 1973 నాటి “బర్డ్స్ ఆఫ్ ఫైర్” మహావిష్ణు ఆర్కెస్ట్రా రికార్డు. శబ్దం హెచ్చు, వేగం హెచ్చు, తాళాల లెక్కలు బేసివి. ముందు దీనినే విన్నవాడు భయపడి పారిపోవును. శక్తిని విని వచ్చినవాడు ఈ లెక్కల వెనుకనున్న క్రమాన్ని పట్టుకొనును. తరువాత 1969 నాటి మైల్స్ డేవిస్ రికార్డు “ఇన్ ఎ సైలెంట్ వే”. ఇందులో యువ మెక్‌లాఫ్లిన్ చాల తక్కువగా, జాగ్రత్తగా వాయించును. తక్కువ వాయించి ఎక్కువ చెప్పుట ఎట్లో ఇక్కడ నేర్చుకొనవచ్చును. ఆపై “ఫ్రైడే నైట్ ఇన్ శాన్ ఫ్రాన్సిస్కో”. 1980 డిసెంబరు 5న మెక్‌లాఫ్లిన్, స్పెయిన్ దేశపు పాకో డి లూసియా, అమెరికాకు చెందిన అల్ డి మియోలా అను ముగ్గురు గిటారు విద్వాంసుల కచేరీ. దీని తొలి రచనలో మెక్‌లాఫ్లిన్ లేరని, మిగిలిన ఇద్దరే వాయించిరని గుర్తుంచుకొనవలెను. ఈ రికార్డు మాలో చాలామందికి ప్రియమైనది. అయినను నిష్పక్షపాతంగా చెప్పవలెనన్న, ఇందులో అచ్చటచ్చట వేగమే విద్వత్తుగా చలామణి అయినది. చప్పట్లు ఎక్కడ ఎక్కువ వచ్చుచున్నవో అక్కడ రాగం తక్కువగా ఉన్నది.

ఈ సంగీతాన్ని గూర్చి మాకు రెండు వైపులనుండి ఆక్షేపణలు వచ్చినవి. సంప్రదాయజ్ఞులు కొందరు ఇది కల్తీ అన్నారు. కాని సంప్రదాయమని మనం నేడు చెప్పుకొనుచున్న కచేరీలో వయొలిన్ ఐరోపానుండి వచ్చినది. శ్రీనివాస్ తండ్రిగారి క్లారినెట్ అట్లే వచ్చినది. ప్రకాశం జిల్లా కరవది గ్రామంలో పుట్టిన షేక్ చిన మౌలానా సాహెబు గారు దేవాలయ వాద్యమైన నాదస్వరాన్ని పలికించి, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి బిరుదం పొందినారు. వాద్యానికి ఊరులేదు, మతంలేదు. సాధన చేసినవానిదే వాద్యం. బుడమేరు, తమ్మిలేరు వచ్చి కలిసినంత మాత్రాన కొల్లేరు కల్తీ కాలేదు. ఆ ఏరులే రానిచో కొల్లేరే లేదు. అయితే ఆక్షేపణలో సత్యం లేకపోలేదు. తనది పూర్తిగా నేర్వక ఇతరునిది అంటించుకొన్న సంగీతం నేడు విస్తారంగా ఉన్నది. అది నిజముగా కల్తీయే. మెక్‌లాఫ్లిన్, శ్రీనివాస్ అట్లు చేయలేదు. ఒక్కొక్కరు తన విద్యలో పూర్ణులై వచ్చి సమానులుగా ఎదురెదురుగా కూర్చున్నారు. ఈ రికార్డులనుండి మేము గ్రహించిన ముఖ్య విషయం ఇదియే.

రెండవ ఆక్షేపణ మిత్రులది: ఇంత పొడుగు రచనలు ఎవరు విందురు, పరీక్షలకు ఇది ఏమి ఉపయోగము అని. దీనికి వాదంతో కాక ఒక ఉదాహరణతో సమాధానం చెప్పెదము. మాలో ఒక మిత్రుడు తాడేపల్లిగూడెంనుండి నిత్యం రైలులో వచ్చి చదువుకొనెడివాడు. తండ్రిగారు ఉల్లిపాయల మార్కెట్టులో గుమాస్తా. మిత్రుని వద్ద ఎవరో వాడి విడిచిన గిటారు ఒకటి ఉండెడిది. చదువు పాడగునని ఇంటిలోను, గిటారుపై గమకమేమిటని సంగీతం తెలిసినవారిలోను, సినిమా పాట వాయించరాదా అని స్నేహితులలోను మాటలు పడి, ఆఖరి సంవత్సరంలో ఆ గిటారును అమ్మివేయుటకు నిశ్చయించుకొన్నాడు. మేము అతనికి హితబోధ చేయలేదు. “ది బిలీవర్” వినిపించి, ఇది విన్న తరువాత అమ్ముకొమ్మని మాత్రం అన్నాము. వారం రోజులు రైలులో అదే విన్నాడు. గిటారు అమ్మలేదు. అతడు విద్వాంసుడు కాలేదు. కావలెనని మా కోరికయు కాదు. వాణిజ్యశాస్త్రంలో పట్టా పుచ్చుకొని ఉద్యోగం చేయుచున్నాడు. ప్రతి సాయంకాలం ఒక గంట మోహనరాగం ఒక్కటే సాధన చేయుచున్నాడు. ఒకనాడు మేము వారి ఇంటికి పోయినపుడు, నులకమంచంమీద పరుండియున్న తండ్రిగారు కన్నులు తెరవకయే “ఇందాకటి ముక్క మళ్ళీ వాయించు నాయనా” అన్నారు. ఇంతకంటె గొప్ప ఉపయోగం మాకు తెలియదు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. మన గ్రంథాలయంలో ఉర్దూ అలమరా ఉన్నది, తెలుగు అలమరా ఉన్నది. వాటి ప్రక్కన సంగీతానికి ఒక చిన్న అర, ఒక మంచి స్పీకరు, వారానికి ఒక గంట సమయం కేటాయింపవలెనని ప్రార్థించుచున్నాము. ఖర్చు స్వల్పం. అందరూ కలసి మౌనంగా కూర్చుండి ఒక రచనను చివరివరకు వినుట తరగతిలో నేర్వలేని విద్య. మొదటి నెలలో శ్రీనివాస్ గారి సంప్రదాయ కచేరీ ఒకటి, రెండవ నెలలో శక్తి, మూడవ నెలలో చిన మౌలానా సాహెబు గారి నాదస్వరం ఏర్పాటు చేయవచ్చును. పట్టిక వ్రాసి ఇచ్చుటకు మేము సిద్ధము.

1998లో పద్మశ్రీ పొందిన శ్రీనివాస్ 2014 సెప్టెంబరు 19న, నలుబదియైదవ ఏటనే, చెన్నైలో కన్నుమూసినారు. శక్తి బృందం 2023లో “దిస్ మొమెంట్” అను రికార్డును వెలువరించి, అందులోని మొదటి రచనకు ఆయన పేరు మీదుగా “శ్రీనీస్ డ్రీమ్” అని, అనగా శ్రీని స్వప్నమని, నామకరణం చేసినది. 2024 ఫిబ్రవరిలో ఆ రికార్డుకు గ్రామీ పురస్కారం లభించినది. ఆ సంవత్సరం డిసెంబరు 15న ఉస్తాద్ జాకీర్ హుస్సేన్ కూడ దివంగతులైనారు. మేము చెప్పిన వరుసలో ఈ రికార్డును చివర వినవలెను. అప్పటికి ఆ పేరు ఎవరిదో, ఆ గిటారు ఎవరిని పిలుచుచున్నదో మీకు తెలిసియుండును. ఈ సెలవులలో ఒక సాయంకాలం ఖాళీ చేసుకొని, ఫోనును ప్రక్కన పెట్టి, మొదటి రికార్డుతో ప్రారంభింపుడు. విన్న తరువాత మీ అభిప్రాయాన్ని, అది మాతో విభేదించినను సరే, వచ్చే సంవత్సరపు సంచికకు వ్రాయుడు.